అనాస, పాలు కలిస్తే చేదెందుకు?

పిన్యా కొలాడా అంటే స్పానిష్ భాషలో ‘వడకట్టిన అనాస’ అని అర్థం. ప్యూర్టోరికో దీవిలో పుట్టిన కాక్‌టెయిల్ ఇది. అనాస రసం, చిక్కటి కొబ్బరి క్రీమ్, రమ్ కలిపి చేస్తారు. 1978లో ఆ దీవి దీన్ని తమ జాతీయ పానీయంగా ప్రకటించుకుంది.

రమ్ లేకుండా పిల్లల కోసం చేసే పద్ధతి ఒక వంటల పుస్తకంలో చూశాను. కొబ్బరి క్రీమ్‌కు బదులు చిక్కటి పాలు పోయమని ఉంది. మా అమ్మాయి పుట్టినరోజుకి అచ్చం అలాగే చేశాను. మిక్సీలోంచి తీసినప్పుడు బాగానే ఉంది. పిల్లలు ఆటలాడి వచ్చేసరికి విరిగిపోయి, నోట పెట్టలేనంత చేదు! రెండు అనాసపళ్లూ, లీటరు పాలూ సింకు పాలయ్యాయి.

ఉడికించని అనాసలో, అది ఎంత మగ్గినదైనా సరే, బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తులను విడగొట్టేస్తుంది. చేదు దానివల్లే. పంచదార ఎంత వేసినా పోదు. జెలటిన్‌తో చేసే జెల్లీ ఈ పండు వేస్తే గట్టిపడనిదీ అందుకే. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. డబ్బా ముక్కలు వేడి చేసినవే కనుక భయం లేదు.

ఇలా చేసి చూడండి. రెండు కప్పుల అనాస ముక్కలు, మూడు చెంచాల పంచదార, అరకప్పు నీళ్లతో పది నిమిషాలు ఉడికించి బాగా చల్లార్చండి. కప్పు చిక్కటి కొబ్బరిపాలు, ఐసు ముక్కలు వేసి మిక్సీలో తిప్పి వడకట్టండి. మామూలు పాలు పోస్తే చేదెక్కకపోయినా పులుపుకి విరగొచ్చు. కొబ్బరిపాలే మేలు.

రైతా, ఫ్రూట్ కస్టర్డ్‌లలోకి కూడా అనాసను ముందు ఉడికించుకోండి. పెట్టిన ఖర్చు వృథా కాదు.