మల్లెకు చేసినట్టు చేస్తే విస్టీరియా పూయదు

మే నెలలో ఒక సాయంత్రం ఇంగ్లండులోని రెడింగ్ నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మా వీధిలో ఏ గోడ చూసినా విస్టీరియా ఊదారంగు గుత్తులే వేలాడుతున్నాయి. మా తీగకు ఆకు తప్ప మొగ్గ లేదు. పెట్టి ఆరేళ్లయింది. ఏటా జనవరిలో మానకుండా కత్తిరిస్తున్నాను కూడా. ఇంకేం చెయ్యాలి?"

"ఎలా కత్తిరిస్తున్నావు?"

"ఎలాగేమిటి? మల్లెతోటలో నాన్న చేసేవాడు కదా, అలాగే."

జబ్బు అక్కడే దొరికింది. పెద్దనాన్నది మైలవరం దగ్గర మల్లెతోట. డిసెంబరులో తోటకు నీళ్లు ఆపేసేవాడు. తరవాత ఒక్కో పొదనూ తాడుతో చుట్టి కట్టి, మోకాలెత్తున కోసేసి, మిగిలిన ఆకు దూసేసేవాడు. ఆ వారం తోటను చూస్తే ఇక బతకదేమో అనిపించేది. ఎరువు వేసి నీళ్లు వదలగానే చిగురు తన్నుకొచ్చేది. ఎండలు ముదిరేసరికి ఆ కొత్త చిగుళ్ల కొసల్లోనే మొగ్గ. మల్లె పూసేది కొత్త రెమ్మకే కాబట్టి ఎంత కోస్తే అంత చిగురు, ఎంత చిగురో అంత పూత.

చైనా, జపాన్ విస్టీరియాల లెక్క వేరు. ఈ మే నెలలో వేలాడే గుత్తి నిరుటి కొమ్మ మొదట్లో, నిరుటి వేసవిలోనే కట్టిన మొగ్గ. శీతాకాలమంతా అది పొలుసుల దుప్పటి కప్పుకుని కణుపు దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. జనవరిలో మా చెల్లి మోడు దాకా కోసినప్పుడల్లా ఆ ఏటి పూతనంతా చెత్తబుట్టలో వేసింది.

నష్టం అంతటితో ఆగదు. తీగకు కింద వేరు పెద్దది, పైన మిగిలిన కొమ్మ కాస్తే. ఆ వేరు పంపిన బలమంతా నాలుగు కణుపుల్లోంచే బయటపడాలి కనక, వసంతంలో కొరడాల్లాంటి పొడుగాటి తీగలు దూసుకొస్తాయి. అవి పట్టు వెతుక్కునే తీగలే, పూలు మోసేవి కావు. ఏపుగా ఉంది కదా అని వచ్చే జనవరిలో ఇంకా గట్టిగా కోస్తాం, అది ఇంకా గట్టిగా కొరడాలు విసురుతుంది. ఆరేళ్లుగా మా చెల్లికీ దానికీ మధ్య జరుగుతున్నది ఇదే.

మరి కత్తిరించకుండా వదిలేస్తే? అలా వదిలేస్తే ఏం జరుగుతుందో కాలిఫోర్నియాలోని సియెర్రా మాడ్రే ఊరు చూపిస్తుంది. అక్కడ 1894లో నాటిన ఒక చైనా విస్టీరియా దాదాపు ఎకరం పాకింది. మొదట ఏ ఇంటి పక్కన నాటారో ఆ ఇల్లు దాని బరువుకు నిలవలేకపోయింది. పూలు లక్షల్లో పూస్తాయి నిజమే, కానీ ఇంటి గోడ కావాలనుకునేవాళ్లకు కత్తెర తప్పదు. ఏడాదికి రెండుసార్లు పట్టాలి. అందులో పెద్ద కోత వేసవిది, చిన్న కోత చలికాలానిది.

జూలైలోనో ఆగస్టులోనో, పూలు రాలి రెండు నెలలయ్యాక, ఆ ఏడు వచ్చిన పచ్చటి కొరడాలు గజాల కొద్దీ సాగి ఉంటాయి. ఒక్కోదాన్నీ మొదటి నుంచి ఐదారు ఆకులు లెక్కపెట్టి, అక్కడ కోసెయ్యాలి. గోడ మీద ఇంకా ఖాళీ ఉంటే, అటు పాకించాలనుకున్న ఒకటి రెంటిని మాత్రం వదిలి కట్టుకోవాలి.

ఎందుకు ఐదారు ఆకులు? కొస పోగానే తీగ పరుగు ఆగుతుంది. ఉంచిన ఆకులు వండిన ఆహారం కొమ్మ మొదట్లోని కణుపులకు అందుతుంది, వాటికి ఎండా తగులుతుంది. ఆకు కావాలా పువ్వు కావాలా అని కణుపు తేల్చుకునేది ఈ నెలల్లోనే. అందుకే జూలై నుంచి సెప్టెంబరు దాకా వాన లేకపోతే మొదట్లో నీళ్లు పొయ్యాలి. ఇంగ్లండులో వానకు కొదవేమిటి అనుకుంటాం గానీ, ఇంటి గోడ నీడన నేల ఎండినట్టు మరెక్కడా ఎండదు. ఆ దాహం ఆ ఏడు కనిపించదు, మరుసటి మే నెలలో తెలుస్తుంది.

జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, ఆకు పూర్తిగా రాలి తీగ నిద్రలో ఉన్నప్పుడు, వేసవిలో ఐదారు ఆకులకు కుదించిన కొమ్మలనే మళ్లీ రెండు మూడు కణుపులకు తగ్గించాలి. వేసవి కోత తరవాత కొత్తగా పుట్టిన సన్న రెమ్మలుంటే వాటినీ అంతే. ఈ కోత పువ్వును పుట్టించదు, ఉన్న పువ్వును కనబడేట్టు చేస్తుంది. పూమొగ్గ లావుగా, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఆకుమొగ్గ సన్నగా కొమ్మకు అంటుకుని ఉంటుంది. ఒకటి రెండేళ్లు చూస్తే చలిలో చేతి తొడుగుతో తడిమినా తేడా తెలిసిపోతుంది. ఏటా ఇలా కుదించిన చోట పొట్టి మొటికల్లాంటి గుబురులు ఏర్పడతాయి. పాత ఇళ్ల గోడల మీద పూత కిక్కిరిసి కనిపించేది వాటి వల్లే. లండన్‌లో చిజిక్ దగ్గరున్న గ్రిఫిన్ బ్రూవరీ తీగను 1816లో, అంటే చైనా నుంచి విస్టీరియా ఇంగ్లండు చేరిన ఏడే నాటారని చెబుతారు. రెండు వందల ఏళ్లు దాటినా ఇంకా పూస్తూనే ఉంది.

రెండు కోతలూ సరిగ్గా చేసినా కొన్ని పూయవు. అప్పుడు మొదట అనుమానించాల్సింది మన ప్రేమనే. విస్టీరియా చిక్కుడు, కానుగ, శంఖుపుష్పాల కుటుంబం. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తానే తీసుకుంటుంది. దానికి యూరియా వేస్తే ఆకు బలుస్తుందే తప్ప పూత రాదు. పక్కనున్న పచ్చికకు చల్లిన ఎరువు వేళ్లకు చేరినా అంతే. వసంతంలో కాస్త పొటాష్ వేస్తే చాలు. ఇక ఎండ: రోజుకు ఆరు గంటలైనా తగలని ఉత్తరపు గోడ మీద పెట్టి పువ్వు అడగడం అన్యాయం. ఏప్రిల్‌లో ఆలస్యంగా కురిసే మంచు ఉబ్బిన మొగ్గను మాడ్చేస్తుంది. దానికి చేసేదేం లేదు, మరుసటి ఏడు చూడాలి.

అన్నిటికన్నా లోతైన కారణం మొక్క పుట్టుక. విత్తనంతో లేచిన విస్టీరియా పూతకు రావడానికి పదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. మామిడి టెంకకూ అంటు మామిడికీ ఉన్న తేడాయే ఇదీ. అందుకే కొనేటప్పుడు మే నెలలో, కుండీలో ఉండగానే పూసిన మొక్కను చూసి కొనడం మంచిది. బొమ్మ అట్టను నమ్మొద్దు, పువ్వును నమ్మాలి.

నాటేటప్పుడు మొదలును గోడకు ఆనించకుండా ఒక మూర దూరంలో పెట్టాలి. గోడకు కొక్కేలు బిగించి, గోడకు రెండంగుళాల ఎడంగా ఉండేట్టు జీఐ తీగలు అడ్డంగా లాగాలి. కొమ్మను ఆ తీగకు పెనవేసుకోనివ్వకుండా, దాని వెంట చాచి మెత్తటి తాడుతో కట్టాలి. పెనవేసుకుంటే పదేళ్లలో కొమ్మ లావెక్కి ఇనుప తీగను మింగేస్తుంది. వాన నీటి గొట్టం వెనక్కి ఒక్క రెమ్మను పోనిచ్చినా, దాన్ని గోడ నుంచి పెరికే దాకా ఊరుకోదు.

పెనవేసుకునే దిక్కును బట్టి జాతినీ పోల్చుకోవచ్చు. పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకుంటే, జపాన్‌ది గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టుకుంటుంది, చైనాది ఎదురు దిక్కున. చైనాది ఆకుకన్నా ముందే ఒక్కసారిగా విచ్చుకుంటుంది. జపాన్‌ది ఆకుతోపాటు, గుత్తి పైనుంచి కిందికి మెల్లగా. జపాన్ గుత్తి చాలా పొడుగు కాబట్టి గోడకన్నా పందిరికే అందం. జపాన్‌లోని అషికాగా తోటలో ఉన్న ముసలి తీగను 1996లో వేళ్లతో సహా పెకలించి ఇప్పుడున్న చోటికి తెచ్చారు. దాని పందిరి దాదాపు వెయ్యి చదరపు మీటర్లు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం నా సలహా వేరు. అట్లాంటా, రాలీ వైపు చైనా, జపాన్ విస్టీరియాలు తోటలు దాటి అడవిలోకి పాకి చెట్ల గొంతు నులుముతున్నాయి. అక్కడ వాటిని కొత్తగా నాటొద్దు. ఆ దేశపు సొంత విస్టీరియా ఒకటుంది, గుత్తి పొట్టిదే గానీ చిన్న వయసులోనే పూస్తుంది. పైగా అది పూసేది కొత్త రెమ్మకే. అంటే పెద్దనాన్న మల్లెతోట పద్ధతి ఇక్కడ చెల్లుతుంది: చలికాలం చివర్లో ధైర్యంగా కోయొచ్చు.

హైదరాబాదు బంధువులు కూడా అడుగుతుంటారు, అక్కడ వస్తుందా అని. ఆకు రాల్చి చలిలో నిద్రపోతే గానీ విస్టీరియా సరిగ్గా పూయదు. మన మైదానాల్లో ఆ నిద్ర పట్టదు. అక్కడి ఇళ్ల ముందు నీలి గుత్తులతో కనిపించి మనల్ని ఏమార్చేది పెట్రియా. దాని ఆకు గరుకుకాగితంలా ఉంటుంది. మన వేడికి అదే మేలు, ఆశపడి చలిదేశపు తీగను హింసించడం దేనికి?

ఇంకొక్క మాట, మనవాళ్లకే ముఖ్యంగా. పూత అయ్యాక మఖమల్ గుడ్డలా నూగుతో చిక్కుడుకాయల్లాంటి కాయలు దిగుతాయి. చూస్తే కూర గుర్తొస్తుంది. కాయా గింజా విషం. వాంతులు, కడుపునొప్పి తప్పవు. పిల్లలున్న ఇంట్లో కాయల్ని పచ్చిగా ఉండగానే తుంచెయ్యాలి.

ఇదంతా విన్నాక మా చెల్లి అడిగింది, "మరి మాది ఎప్పటికి పూస్తుంది?" మొదలు దగ్గరికి వెళ్లి చూడమన్నాను. నేలకు జానెడు ఎత్తులో గడ్డలా ఉబ్బి, కింద పైన బెరడు తేడాగా ఉంటే అంటు మొక్క. అయితే ఈ జూలైలో ఐదారు ఆకులు ఉంచి కోసి, జనవరిలో చెయ్యి అదుపులో పెట్టుకుంటే వచ్చే మే నెలకు కొన్ని గుత్తులైనా రావచ్చు. ఉబ్బు లేకపోతే ఇంకో నాలుగేళ్లో పద్నాలుగేళ్లో.

చీకటి పడ్డాక టార్చి వేసి ఫోటో పంపింది. ఉబ్బు ఉంది. దాని కిందనుంచి, వేరుమొక్క తాలూకు పిలకలు రెండు బొటనవేలంత లావున లేచి, ఎప్పుడో పై కొమ్మల్లో కలిసిపోయి ఉన్నాయి. వాటికి జూలై దాకా ఆగక్కర్లేదు, రేపు పొద్దున్నే మొదలంటా తీసెయ్యమన్నాను.