మసక ఫోటోకు పదును పెట్టడమెట్లా?

నేడు మన కాలేజీలో చేతిలో కెమెరా లేని విద్యార్థి లేడంటే అతిశయోక్తి కాదు. ఫోనే కెమెరా అయి కూర్చుంది. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్టూడియోలకు ఒక గిరాకీ మాత్రం తప్పడం లేదు. ఎవరో ఒకరు పాత గ్రూపు ఫోటోనో, పాత రేషన్ కార్డు మీది ఫోటోనో పట్టుకొని వస్తారు. "మా నాయనది ఇదొక్కటే ఉన్నది, పెద్దగ చేసి ఇయ్యి" అంటారు. ముఖం గోరంత, అదీ మసక. దశదినకర్మ నాటికి దండ వేయడానికి పటం కావాలి. ఈ పని ఎట్లా చేస్తారు, ఎంతవరకు చేయవచ్చు అన్నది చూద్దాం.

మసకలన్నీ ఒక్క బాపతు కాదు. ఫోకస్ కొద్దిగా తప్పితే బొమ్మంతా మెత్తబడుతుంది. చేయి కదిలితే ఒక దిక్కుకు సాగుతుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో రాత్రిపూట తీసిన ఫోటోలు చాలావరకు ఇట్లాగే వస్తాయి. వెలుతురు తక్కువైనప్పుడు షట్టరు ఎక్కువసేపు తెరుచుకొని ఉంటుంది, అంతసేపు చేయి నిలవదు. ఇక చిన్న బొమ్మను సాగదీస్తే వచ్చే మసక వేరు. కొద్దిపాటి ఫోకస్ లోపానికి మందు ఉంది. మిగతావాటికి సగం మందే.

ఆ మందు కూడా నిజానికి కంటిని ఏమార్చడమే. తెలుపూ నలుపూ కలిసే అంచు దగ్గర మన కన్ను తెల్లని పక్కను ఇంకా తెల్లగా, నల్లని పక్కను ఇంకా నల్లగా చూస్తుందని 1865లో ఎర్నెస్ట్ మాక్ వివరించాడు (విమానాల వేగానికి చెప్పే మాక్ నంబరు ఈయన పేరు మీదనే). అంచు దగ్గర ఆ తేడాను మనమే కొంచెం పెంచితే, కన్ను "ఆహా, స్పష్టంగా ఉంది" అనుకుంటుంది. ఫోటోలో కొత్త వివరం ఒక్కటీ చేరదు. ఈ ముక్క మరిచిపోకూడదు.

మన పాత స్టూడియోల వాళ్ళకు ఈ సిద్ధాంతం తెలిసినా తెలియకపోయినా పని తెలుసు. నెగెటివును ఏటవాలు బల్ల మీది అద్దంపై పెట్టి, వెనుక నుంచి వెలుతురు పంపి, సన్నగా చెక్కిన పెన్సిలుతో దిద్దేవారు. నెగెటివు మీద పెన్సిలు పడిన చోట ప్రింటులో తెల్లబడుతుంది, కత్తిమొనతో గీకిన చోట నల్లబడుతుంది. పెద్ద ప్రింటు తీసిన తర్వాత కుంచెతో కనురెప్పల అంచు, కనుబొమ్మలు, మీసకట్టు గీసి, కనుపాపలో ఒక తెల్లచుక్క పెడితే చాలు, ముఖమంతా పదునెక్కినట్టు కనిపించేది. బుగ్గలను మాత్రం మెత్తగానే వదిలేవారు. ఎక్కడ పదును పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడమే ఆ పనితనం.

డార్క్‌రూములో ఇంకో పద్ధతి ఉండేది, అన్‌షార్ప్ మాస్కు. 1930ల నాటికే ఉంది. నెగెటివు నుంచి కావాలనే మసకగా, పలుచగా ఒక పాజిటివు తీసి, రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టి ప్రింటు వేసేవారు. మసక కాపీ పెద్ద పెద్ద వెలుగునీడల తేడాలను తగ్గిస్తుంది, సన్నని అంచులు మాత్రం తప్పించుకుంటాయి. అప్పుడు కాంట్రాస్టు ఎక్కువున్న కాగితం వాడితే ఆ అంచులు లేచి నిలబడతాయి. మసకతోనే మసకను కొట్టడమన్నమాట!

నేటి ఫోటోషాప్‌లో అదే పేరుతో ఉన్నది ఈ ఉపాయమే. దానికి మూడు మీటలు. అమౌంట్ అంటే తేడా ఎంత పెంచాలి. రేడియస్ అంటే అంచుకు అటూ ఇటూ ఎన్ని పిక్సెళ్ళ మేర. థ్రెషోల్డ్ అంటే ఎంత చిన్న తేడాను వదిలేయాలి. మామూలు ఫోటోకు 100 శాతం, 1 పిక్సెల్, 3 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. రేడియస్ పెంచుకుంటూ పోతే తల చుట్టూ దేవుడి పటంలో లాగా తెల్లని వలయం వస్తుంది. వాట్సాప్‌లో పది చేతులు మారిన ఫోటోకైతే ముఖం కంటే ముందు దాని మీది గళ్ళే పదునెక్కుతాయి. సైజు మార్చడం ముగించాకే ఈ పని చేయాలి. పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం రాతి చెక్కడాలు కాస్త ఎక్కువ మోతాదు ఇచ్చినా తట్టుకుంటాయి. మనిషి చర్మం తట్టుకోదు. అందుకే లేయర్ మాస్కు పెట్టి కళ్ళు, వెంట్రుకలు, చీర అంచు వరకే పదును రానివ్వాలి. చివర కొద్దిగా గ్రెయిన్ చల్లితే, చిత్రమేమంటే, ఇంకా స్పష్టంగా ఉన్నట్టు తోస్తుంది.

మసక ఏ తీరుగా ఏర్పడిందో తెలిస్తే లెక్క కట్టి కొంత వెనక్కి తేవచ్చు కూడా. 1990లో హబుల్ టెలిస్కోపు అద్దంలో దోషం బయటపడినప్పుడు, 1993లో మరమ్మతు జరిగేదాకా శాస్త్రజ్ఞులు చేసింది అదే. కాని గోరంత ముఖానికి ఆ లెక్క పెద్దగా పనికి రాదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. మీట నొక్కితే ముఖం నిగనిగలాడుతుంది. ఎట్లా? ఎందరో ఇతరుల ముఖాలు చూసి నేర్చుకున్నది కనుక, లేని వివరాన్ని వాళ్ళ నుంచి తెచ్చి నింపుతుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారి పల్స్ అనే సాధనానికి ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం తయారుచేసింది. లోకమంతా ఎరిగిన ముఖం గనుక తప్పు పట్టగలిగారు. మన ఊరి ముసలాయన ముఖాన్ని అట్లా మారిస్తే పట్టేవాళ్ళెవరు? ఇంట్లోవాళ్ళే. వాళ్ళ తర్వాత పుట్టే మనవలు ఆ పటాన్నే తాతయ్య అనుకుంటారు.

కనుక ఈ పని నేర్చుకునే మిత్రులు పాత ఫోటో మీద గీత పెట్టకుండా, 600 డీపీఐ లేదా అంతకంటే ఎక్కువలో స్కాన్ చేసుకొని, ఆ ఫైలును అట్లాగే దాచిపెట్టాలి. దిద్దిన ముఖాన్ని ప్రింటుకు పంపకముందు ఆ మనిషిని ఎరిగినవాళ్ళకు చూపాలి. "మా నాయన మూతి గిట్ల ఉండకపోయేది" అంటే అక్కడికి తగ్గించాలి. ముఖం కంప్యూటరు కల్పించినదైతే ఆ మాట పటం వెనుక రాసి, అసలు మసక ఫోటో కాపీ ఒకటి దాని పక్కనే అంటించి ఇవ్వాలి.