మురుగునీరు - మూడు చెరువులు

మా పొలం పట్టణానికి పల్లాన ఉన్నది. పట్టణపు మురుగుకాలువ మా గట్టు ప్రక్కగానే పోతుంది. వేసవిలో బావి అడుగంటితే మా నాన్న ఆ కాలువలో మోటారు వేసి తోటకూర మళ్ళు తడుపుతాడు. "ఈ నీళ్ళకు యూరియా అక్కర్లేదురా!" అంటాడు. నిజమే. మురుగులో నత్రజని, భాస్వరం ఉన్నాయి. కాని మడిలో దిగిన రోజున ఆయన కాళ్ళు రాత్రంతా దురదే. మా చెల్లెలికి ఏలికపాముల మందు తప్పడం లేదు. ఎరువు ఉంచి రోగాన్ని తీసివేసే ఉపాయం లేదా?

ఉన్నది. ముందు మురుగంటే ఏమిటో చూద్దాం. అందులో నూటికి 99.9 పాళ్ళు నీరే. మిగిలిన పిసరుతోనే చిక్కంతా. దానిని తినే బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. ఆ అవసరాన్ని కొలిచే లెక్కనే బి.ఓ.డి. అంటారు. ఇళ్ళ మురుగులో అది లీటరుకు సుమారు 200 నుండి 300 మిల్లీగ్రాములు. మంచినీటిలో కరిగి ఉండే ఆక్సిజనేమో లీటరుకు 8 మిల్లీగ్రాములే! మరి కాలువ నల్లబడి కంపు కొట్టక ఏం చేస్తుంది?

నగరాలలో యంత్రాలతో మురుగులోనికి గాలి కొడతారు. ఈ పద్ధతిని 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనువారు ప్రకటించారు. దీనికి కరెంటు ఖర్చు ఎక్కువ. చిన్న పట్టణానికి మూడు చెరువులు చాలు.

మొదటిది లోతైనది. మడ్డి అడుగుకు దిగుతుంది. గోబర్ గ్యాస్ తొట్టిలో వలెనే, గాలి అక్కరలేని బాక్టీరియా దానిని కుళ్ళబెడుతుంది. రెండవది మనిషి లోతు. ఇక్కడ నాచు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది; బాక్టీరియా దానిని పీల్చుకుని నాచుకు బొగ్గుపులుసు వాయువు నిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడమన్న మాట! మూడవది లోతు తక్కువ. ఎండ సోకి రోగక్రిములు చస్తాయి. ఈలోగా ఏలికపాముల గుడ్లు బరువుకు అడుగున పడిపోతాయి. పచ్చిగా తినే కూరలకు వాడే నీటిలో లీటరుకు ఒక గుడ్డుకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. చెరువులు సక్రమంగా నడిస్తే ఇది సాధ్యమే. ఎరువు కొంత తగ్గినా, కొంత నీటిలోనే మిగులుతుంది.

ఇది వింత కాదు. కోల్‌కతాకు తూర్పున మురుగునీటి చెరువులలో చేపలే పెంచుతున్నారు. ఆ చిత్తడి నేలలకు 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది.

ఒక లెక్క వేద్దాం. 40,000 జనాభా గల పట్టణంలో మనిషి రోజుకు 135 లీటర్లు వాడి, అందులో నూటికి 80 పాళ్ళు కాలువకు చేరితే, రోజుకు 43 లక్షల లీటర్లు! ఎంత పైరు పండవచ్చునో ఊహించండి.

అయితే చెరువులకు ఎకరాలకొద్దీ నేల కావాలి. కొన్నేళ్ళకొకసారి మడ్డి తీయాలి. నేల ఎక్కడిది? పల్లాన ఉన్న మాబోటి వారిదే. ఇదంతా చెబితే నాన్న సాంతం విని, "బాగానే ఉందిరా. నేల మాది పోతే, బాగుపడ్డ నీళ్ళు ఎవరికి?" అన్నాడు.

నా పుస్తకాలలో దీనికి జవాబు లేదు. నేల ఇచ్చిన రైతుకే ఆ నీటిపై మొదటి హక్కు అని కాగితం మీద వ్రాసి ఇవ్వాలని నా అభిప్రాయం. రేపు మనలో కొందరు ఇంజనీర్లు, ఆఫీసర్లు కాబోతున్నారు. ప్లాను గీసేనాడు మా నాన్న ప్రశ్నను మరువకండి.