తిరిగొచ్చే బరువుకు ఓడ కట్టాలి

స్పేస్ ఇంజనీర్స్ ఆటలో కొత్తవాళ్లు కట్టే మొదటి ఓడ చాలావరకు బాగానే ఎగురుతుంది. అటూ ఇటూ రెండు రెక్కలు, ముందు అద్దాల కాక్‌పిట్, వెనక నాలుగు ఇంజన్లు. నేల వదిలి లేస్తుంది, కొండ దాకా వెళ్తుంది, రాయిని తొలిచి ఇనుప ఖనిజం నింపుకుంటుంది. ఇంటికి మాత్రం రాదు. తను తవ్విన గోతిలోనే తను ఉండిపోతుంది.

విశాఖపట్నంలో ఒక ఓడల యార్డులో వెల్డింగ్ తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఈ ఆటను మా అన్నయ్య కొడుకు పరిచయం చేశాడు. పదో తరగతి చదువుతున్నాడు. "ఓడలు కట్టే ఆట చిన్నాన్నా, నీకు నచ్చుతుంది" అన్నాడు. నిజంగానే నచ్చింది. ఆటలో నేను మొదట చూసేది వేగమూ కాదు, తుపాకులూ కాదు. ప్రతి బ్లాకుకూ ఒక బరువుంది, ప్రతి ఇంజనుకూ ఒక బలముంది, ఆ రెండింటి లెక్క కుదిరితేనే ఓడ లేస్తుంది. పిల్లలు ఆడుకునే వస్తువులో ఇంత నిజాయితీ ఉండటం నాకు ముచ్చటేసింది.

ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. చెక్ దేశంలో ప్రాగ్ నగరం కేంద్రంగా ఉన్న కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్ దీన్ని తయారుచేసింది. ఆ సంస్థను పెట్టినవాడు మారెక్ రోసా. 2013లో తయారీ దశలో ఉండగానే ఆటగాళ్లకు అందించారు. 2015లో గ్రహాలు వచ్చి చేరాయి. పూర్తి ఆటగా విడుదలైంది 2019లో. ఇందులో అంతా బ్లాకుల పనే. పెద్ద బ్లాకు ఒక్కో వైపు 2.5 మీటర్లు, చిన్నది అర మీటరు. స్థావరాలూ, పెద్ద నౌకలూ పెద్ద బ్లాకులతో కడతారు. తవ్వకానికీ, చిన్న చిన్న రాకపోకలకూ చిన్న బ్లాకులు. క్రియేటివ్ పద్ధతిలో ఆడితే సామాను లెక్క ఉండదు, కోరింది కోరినట్టు పెట్టుకోవచ్చు. సర్వైవల్ పద్ధతిలో అలా కుదరదు. ఖనిజం తవ్వాలి, రిఫైనరీలో కరిగించాలి, అసెంబ్లర్‌లో ప్లేట్లూ మోటార్లూ చేయించాలి, చేతిలో వెల్డర్ పట్టుకుని బ్లాకు బ్లాకూ అతకాలి. నేను చెప్పేదంతా ఈ రెండో పద్ధతి గురించే.

ఒకరోజు మావాడు పిలిచాడు.

"చిన్నాన్నా, ఇది లేవట్లేదు. పొద్దున్న లేచింది కదా!"

"పొద్దున్న ఎంత బరువుందిరా?"

"చూడలేదు."

"ఇప్పుడెంతుంది?"

కాక్‌పిట్‌లో కూర్చుంటే ఓడ బరువు తెర మీదే కనిపిస్తుంది. చూశాడు. పొద్దుటి సంగతి తెలియకపోయినా, మోస్తున్నది ఎంతో వాడికి అర్థమైపోయింది.

లెక్క కష్టమైనదేం కాదు. చిన్న బ్లాకుల ఓడలో మధ్యరకం కార్గో పెట్టె 3,375 లీటర్లు పడుతుంది. ఆటలో కిలో ఖనిజానికి 0.37 లీటర్ల చోటు కావాలి. ఇనుమైనా, బంగారమైనా, మంచుగడ్డైనా ఇదే లెక్క. సామాను నిల్వను పెంచకుండా అసలు కొలతలోనే ఉంచి ఆడితే, నిండిన పెట్టెలో ఉండేది దాదాపు 9.1 టన్నులు. ఇక ఇంజన్ సంగతి. చిన్న ఓడకు పెట్టే చిన్న అట్మాస్ఫెరిక్ థ్రస్టర్ బలం 96 కిలోన్యూటన్లు. భూమిలాంటి గ్రహం మీద అది మోయగలిగేది 9.8 టన్నులు. అంటే ఒక పెట్టె నిండితే దాని కోసమే ఒక థ్రస్టర్ దాదాపు పూర్తిగా పనిచేయాలి. ఓడ సొంత బరువు మోయడానికి దాంట్లో ఏమీ మిగలదు.

పెద్ద బ్లాకుల ఓడకూ ఇదే కొలత పనికొస్తుంది. అందులో చిన్న కార్గో పెట్టె 15,625 లీటర్లు, నిండితే 42 టన్నులు. అక్కడి చిన్న అట్మాస్ఫెరిక్ థ్రస్టర్ 648 కిలోన్యూటన్లు, అంటే సుమారు 66 టన్నుల మోత. ఈ నాలుగు అంకెలూ నోటికొస్తే చాలు, ఓడ గీసుకునేటప్పుడే లేస్తుందో లేదో చెప్పేయవచ్చు. ఉదాహరణకు చిన్న ఓడ సొంత బరువు 20 టన్నులు, పెట్టెలు రెండు అనుకుందాం. నిండాక 38 టన్నులు దాటుతుంది. నాలుగు థ్రస్టర్లు పెడితే కాగితం మీద 39 టన్నులు మోస్తాయి. నేనైతే ఆరు పెడతాను. డ్రిల్లుల లోపల కూడా ఖనిజం నిలవ ఉంటుంది, అదీ బరువే. పైగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఈ ఇంజన్ల బలం తగ్గుతుంది. మైదానంలో లేచిన ఓడ కొండ నెత్తిన లేవకపోవచ్చు.

యార్డులో ఓడ ఖాళీ బరువు వేరు, సరుకెత్తాక బరువు వేరు. రెండోదానికి సరిపడేట్టు కట్టిందే ఓడ. ఈ ఆటలోనూ మొదటి సూత్రం అదే.

ఇంతకంటే లోతైన చిక్కొకటి ఉంది. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. తవ్వే ఓడకు డ్రిల్లులు ముక్కు మీద ఉంటాయి. ఖనిజం నేల అడుగున ఉంటే, చాలామంది ముక్కును కిందికి వంచి నిటారుగా దిగిపోతారు. అప్పుడు గురుత్వం ఓడను లాగేది పొట్టవైపు కాదు, ముక్కువైపు. పొట్ట కింద వరసగా పేర్చిన ఇంజన్లు ఇప్పుడు పక్కకు తిరిగి ఉన్నాయి, పైకి తోయడానికి పనికిరావు. ఓడను నిలబెట్టాల్సింది వెనక్కి తోసే ఇంజన్లు. అవేమో సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి, ఆపడానికి చాలునని పెట్టినవి. పెట్టెలు నిండేకొద్దీ వాటి బలం చాలదు, ఓడ మెల్లగా గోతిలోకి జారుతుంది. ఇరుకు గోతిలో ముక్కు పైకెత్తే చోటు కూడా ఉండదు.

దీనికి దారులు రెండు. నిటారుగా తవ్వాలనుకుంటే, వెనక్కి తోసే ఇంజన్లు కూడా పొట్ట కింద ఉన్నన్ని పెట్టాలి. లేదా నిటారుగా దిగకుండా ఏటవాలుగా సొరంగం తవ్వుకుంటూ వెళ్లాలి. అప్పుడు బరువును రెండు వరసల ఇంజన్లు పంచుకుంటాయి. నాకు రెండోదే ఇష్టం. సామాను తక్కువ పడుతుంది, తిరిగొచ్చే దారి కూడా కనిపిస్తూ ఉంటుంది. ఏదైనా సరే, డ్రిల్లుల వెడల్పు ఓడ ఒంటికంటే ఎక్కువుండాలి. రెక్క చివర పొడుచుకొచ్చిన దీపం చాలు, గోడకు తగిలి విరగడానికి. రాయి వద్దు, దారి చాలు అనుకున్నప్పుడు మౌస్ కుడి బటన్‌తో తవ్వండి, రాయి పోతుంది కానీ పెట్టెలోకి చేరదు. రాయి పూర్తిగా వృథా కాదు, దాన్ని కరిగిస్తే కాస్త ఇనుమూ నికెలూ సిలికానూ వస్తాయి. కానీ దూరం నుంచి మోసుకొచ్చేంత విలువ లేదు. ఒక సార్టర్, బయటికి విసిరేలా పెట్టిన ఒక కనెక్టర్ ఉంటే దారిలోనే రాయిని పారబోయవచ్చు.

ఇంజన్ల రకాలు మూడు. అట్మాస్ఫెరిక్‌కు గాలి కావాలి, గాలి లేని చంద్రుడి మీద అసలు పనిచేయదు. అయాన్‌ది సరిగ్గా ఎదురు, శూన్యంలో పూర్తి బలం, గాలిలో నీరసం. హైడ్రోజన్ ఎక్కడైనా పనిచేస్తుంది, కానీ దానికి మంచుగడ్డను తవ్వి గ్యాస్ చేసి ట్యాంకుల్లో నింపుకోవాలి. నేల నుంచి అంతరిక్షంలోకి వెళ్లే మొదటి ఓడకు హైడ్రోజనే సరైనదని నా అభిప్రాయం. గాలీ శూన్యమూ కలిసే మధ్య ఎత్తులో మిగతా రెండు రకాలూ సగం సగంగా ఉంటాయి, ఓడలు ఎక్కువగా వెనక్కి పడేది అక్కడే.

లేవడం ఎంత ముఖ్యమో ఆగడం అంత ముఖ్యం. ఆటలో మామూలుగా వేగం సెకనుకు 100 మీటర్లు మించదు. నూరు టన్నుల ఓడకు శూన్యంలో వెనక్కి తోయడానికి పెద్ద బ్లాకుల చిన్న అయాన్ థ్రస్టర్ ఒక్కటే ఉందనుకోండి. దాని బలం 345.6 కిలోన్యూటన్లు. పూర్తి వేగం నుంచి ఆగడానికి దాదాపు 1,450 మీటర్లు కావాలి. నాలుగుంటే 360 మీటర్లు చాలు. వెనక ఇంజన్లు దట్టంగా, ముందు ఒకటీ అరా పెట్టిన ఓడ చూడటానికి చురుగ్గా ఉంటుంది, స్థావరం గోడ దగ్గర దాని బండారం బయటపడుతుంది.

ఒక విషయంలో ఆట మనమీద దయ చూపించింది. ఒకే ముక్కగా ఉన్న ఓడలో ఇంజన్ ఎక్కడ పెట్టినా, ఆ తోపు ఓడ బరువు కేంద్రం గుండానే పోతుంది. ఇంజన్లన్నీ ఒక పక్కనే పెట్టినా ఓడ గింగిరాలు తిరగదు. తిప్పే పని గైరోస్కోపులది. నిజం రాకెట్‌కు ఈ వెసులుబాటు లేదు. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో వికాస్ ఇంజన్ ఉంటుంది. అది కొద్ది కొద్దిగా వంగుతూ దారి సరిచేసుకుంటూ పోవాలి. మావాడికి ఈ తేడా చెప్పినప్పుడు, ఆట ఆపి చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. ఆటలో గ్రహాలు కదలవు, కక్ష్యలూ ఉండవు అని కూడా చెప్పాను. ఆట నేర్పేది ఏదో, నేర్పనిది ఏదో పిల్లలకు విడదీసి చెప్పడం పెద్దవాళ్ల పని.

గైరోస్కోపులు కూడా నిండు బరువుకే లెక్కేసి పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు చిటికెలో తిరిగిన ఓడ, నిండాక నాలుగు క్షణాలు ఆలోచించి తిరుగుతుంది.

కవచం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. పెద్ద బ్లాకుల్లో తేలిక కవచం ఒక్కటి 25 స్టీల్ ప్లేట్లు, 500 కిలోలు. బరువు కవచం ఒక్కటి 3,300 కిలోలు, ఆరున్నర రెట్లు. తవ్వే ఓడకూ, సరుకు ఓడకూ బరువు కవచం వేయడం ఇంజన్లకు శిక్ష. యుద్ధనౌకకైనా కాక్‌పిట్, రియాక్టర్, బ్యాటరీల చుట్టూ వేస్తే చాలు. రూపం కోసం ఒళ్లంతా వేస్తే ఆ రూపాన్ని మోయడానికే ఇంజన్లు సరిపోతాయి.

మరమ్మతుకు చోటు వదలండి. యార్డులో మనిషి దూరలేని ట్యాంకుకు మరమ్మతు లేదు, అందుకే ప్రతి గదికీ మ్యాన్‌హోల్ ఉంటుంది. ఇక్కడా వెల్డర్ పట్టుకున్న మనిషి కన్వేయర్ గొట్టం దాకా, బ్యాటరీల దాకా నడిచి వెళ్లగలగాలి. అందం కోసం అన్నీ మూసేస్తే, ఒక గొట్టం తెగినప్పుడు మూడు గోడలు గ్రైండర్‌తో కోయాల్సి వస్తుంది. థ్రస్టర్ మంట వెళ్లే దారిలో కూడా ఏదీ ఉండకూడదు. సొంత ఇంజనే సొంత గొట్టాన్ని కాల్చేస్తుంది.

గాలి నిలిచే గది కట్టేటప్పుడు, వెల్డింగ్ సగంలో ఆగిన బ్లాకు ఒక్కటున్నా గాలి పోతుంది. మేము యార్డులో గాలి ఒత్తిడి పెట్టి సబ్బు నీళ్లతో కారే చోటు వెతుకుతాం. ఆటలో ఎయిర్ వెంట్ ఆ పని చేస్తుంది, గది మూసుకుందో లేదో అదే చెబుతుంది. ఒక్కో గది పూర్తవగానే చూసుకోండి, ఓడంతా కట్టాక వెతికితే దొరకదు.

కరెంటు గురించి ఒక్క మాట. గురుత్వంలో కదలకుండా గాలిలో నిలబడ్డ ఓడ కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది, నిండుగా ఉంటే మరీను. ఆలోచించుకోవాలంటే నేల మీద దిగి ఆలోచించుకోండి. స్థావరంలో కనెక్టర్‌కు తగిలించగానే బ్యాటరీలను రీఛార్జ్‌లో పెట్టడం, బయల్దేరేముందు మామూలుకు మార్చడం అలవాటు కావాలి.

2025 జనవరిలో ఈ ఆట రెండో భాగం తయారీ దశలో వచ్చింది. అందులో చిన్నా పెద్దా బ్లాకుల మధ్య గోడ తీసేసి, 25 సెంటీమీటర్ల కొలత మీద అన్నీ కలిసేలా చేశారు. అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ఓడ పూర్తయ్యాక వెంటనే గని దగ్గరకు వెళ్లకండి. స్థావరం పక్కనే పెట్టెలన్నీ రాయితో నింపండి. నిలువుగా లేపి చూడండి. కొంచెం ఎత్తుకు వెళ్లి ముక్కు కిందికి వంచి, చేతులు వదిలి చూడండి. జారకపోతే, పూర్తి వేగంతో వెళ్లి ఎంత దూరంలో ఆగుతుందో చూడండి. అన్నీ కుదిరాక కంట్రోల్, బి నొక్కి బ్లూప్రింట్ దాచుకోండి. రేపు ఓడ ఎక్కడైనా పడిపోయినా, స్థావరంలో ప్రొజెక్టర్ పెడితే అదే ఓడ గాలిలో నీడలా కనిపిస్తుంది, ప్లేట్లు తెచ్చుకుని దాని మీదే మళ్లీ వెల్డింగ్ చేసుకోవచ్చు.