విజయమునకు వెల

ఆంగ్లమున 'విక్టరీ' అను పదము కలదు. దానికి విజయము, గెలుపు అని అర్థము. యుద్ధములందును, ఎన్నికలందును, ఆటలందును, వ్యాజ్యములందును ఎదిరిని మించుటకు ఈ మాటనే వాడుదురు. మాట చిన్నదే. కాని దాని పుట్టుకను, వాడుకను తెలిసికొన్నచో గెలుపులన్నియు ఒక్క తీరువి కావని బోధపడును.

ఈ పదమునకు మూలము లాటిన్ భాషలోని 'విన్‌కెరె' అను క్రియ. జయించుట యని దాని భావము. దానినుండి జేత యను అర్థమున 'విక్టర్', జయము అను అర్థమున 'విక్టోరియా' ఏర్పడెను. రోమనులు విక్టోరియాను జయదేవతగా కొలిచిరి. గ్రీకులు తమ జయదేవతను 'నైకీ' యనిరి. లాటిన్ మాట ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లమును చేరి 'విక్టరీ' యయ్యెను. జయింపరానిదానిని 'ఇన్విన్సిబుల్' అందురు. 'కన్విన్స్' అను మాటయు ఈ క్రియనుండి పుట్టినదే. యుక్తులు చెప్పి ఎదుటివానిని ఒప్పించుట యని నేడు దాని అర్థము. కత్తి దూయక మాటతో గెలుచుటయు గెలుపే యని ఆ పదము మనకు తెలుపుచున్నది.

మన భాషలో 'గెలుపు' అచ్చతెలుగు పదము. 'విజయము' సంస్కృతమునుండి వచ్చినది. 'జి' యను ధాతువునకు జయించుట యని అర్థము. 'వి' యను ఉపసర్గ దానికి విశేషార్థమును చేర్చును. కౌటిల్యుని అర్థశాస్త్రము జేతలను మూడు విధములుగా విభజించినది. శత్రువు లొంగిన చాలునని తృప్తిపడువాడు ధర్మవిజయి. భూమిని, ధనమును కోరువాడు లోభవిజయి. వానితోపాటు ఆలుబిడ్డలను, ప్రాణములను సైతము హరించువాడు అసురవిజయి.

ఏలూరు చెంతనున్న వేంగిని 4వ శతాబ్దమున హస్తివర్మ పాలించుచుండెను. గుప్త చక్రవర్తియగు సముద్రగుప్తుడు దక్షిణాపథ రాజులు పలువురతోపాటు అతనిని పట్టుకొని, మరల విడిచిపెట్టి అనుగ్రహించినట్లు అలహాబాదు స్తంభశాసనము చెప్పుచున్నది. దీనిని ధర్మవిజయమునకు ఉదాహరణముగా చరిత్రకారులు చూపుదురు.

గెలిచియు నష్టపోవుటను తెలుపుటకు ఆంగ్లమున 'పిరిక్ విక్టరీ' యను జాతీయము కలదు. దీని వెనుక ఒక రాజు కథ యున్నది. గ్రీసు దేశమునకు వాయవ్యముననున్న ఎపిరస్ రాజ్యమును పిర్రస్ అనువాడు ఏలెను. అతడు ఇటలీపై దండెత్తి క్రీ. పూ. 280లో హెరాక్లియా యొద్దను, 279లో అస్కులం యొద్దను రోమనులను ఓడించెను. కాని ఆ పోరులందు అతని సేనానులును, మేటి యోధులును పెక్కుమంది కూలిరి. స్వదేశము దూరమగుటచే వారి స్థానమును పూరించుట అతనికి సాధ్యము కాలేదు. రోమనులకో, క్రొత్త సేనలు ఇంటిముంగిటనే లభించుచుండెను. తన్ను అభినందింప వచ్చిన వానితో, ఇటువంటి విజయము మరియొకటి లభించినచో తాము పూర్తిగా నశింతుమని పిర్రస్ పలికెనని ప్లూటార్క్ వ్రాసెను. తుదకు క్రీ. పూ. 275లో అతడు ఇటలీని విడిచిపోయెను. నాటి గెలుపులవలన అతనికి మిగిలినది ఈ జాతీయములో తన పేరు మాత్రమే.

అట్లని రక్తము చిందిన ప్రతి గెలుపును పిరిక్ విక్టరీ యనరాదు. ఉండి, ఆకివీడు ప్రాంతములకు చేరువనున్న కొల్లేటి చరిత్ర ఈ భేదమును చక్కగా తెలుపును. బాదామి చాళుక్యరాజగు రెండవ పులకేశి 7వ శతాబ్దారంభమున తూర్పుతీరముపై దండెత్తెను. క్రీ. శ. 634-35 నాటి ఐహోళె శాసనమును రవికీర్తి రచించెను. కునాల సరస్సు జలములు హతుల నెత్తుటితో ఎఱ్ఱబారినవని అందు వర్ణింపబడినది. ఆ సరస్సు మన కొల్లేరే యని చరిత్రకారులు గుర్తించిరి. పులకేశి తన తమ్ముడగు కుబ్జవిష్ణువర్ధనుని ఈ దేశమునకు పాలకునిగా నియమించెను. అతనితో మొదలైన తూర్పు చాళుక్య రాజ్యము నాలుగు శతాబ్దములకు పైగా నిలిచెను. గెలుపునకు చెల్లించిన వెల మిక్కుటమే. అయినను కోరినది దక్కెను. కావున ఇది పిరిక్ విక్టరీ కాదు. కాని ఆ వెల చెల్లించినవారెవరు? శాసనమున గెలిచిన రాజు కీర్తి నిలిచినది. కొల్లేటి నీట కూలిన బంటులలో ఒక్కని పేరును మనకు తెలియదు.

పిరిక్ విక్టరీకి తెలుగునేలపై తగిన ఉదాహరణము బొబ్బిలి. విజయనగర ప్రభువగు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సాయమున 1757 జనవరి 24న బొబ్బిలి కోటను ముట్టడించెను. రంగారాయుడును, అతని వీరులును పోరాడి మడిసిరి. కోటలోని స్త్రీలును, పిల్లలును నశించిరి. కోట విజయరామరాజునకు చిక్కెను. కాని కొలది దినములలోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ అతని డేరాలో ప్రవేశించి అతనిని చంపెను. గెలిచినవాడు గెలుపును అనుభవింపనే లేదు.

కావున ఈ జాతీయమును వాడునపుడు రెండు సంగతులను తూచి చూడవలెను. గెలిచినవానికి దక్కినదేమి? అందులకై అతడు పోగొట్టుకొన్నదేమి? రెండవది మొదటిదానిని మ్రింగివేసినపుడే ఆ మాట చెల్లును. ఇద్దరన్నదమ్ములు మూరెడు గట్టుకై ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరుగుదురు. తీర్పు పొందినవాడు ఖర్చులకై ఆ గట్టును ఆనుకొనియున్న పొలమునే అమ్ముకొనును. అదియు పిరిక్ విక్టరీయే. పిర్రస్ పేరు ఎన్నడును వినని మన పల్లెవాసులు ఈ భావమును ఏనాడో సామెతగా చెప్పియున్నారు: ఓడినవాడు కోర్టులో ఏడ్చెనట, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెనట!