ఆచార్యుడు - అధ్యక్షుడు

'ఆచార్య' అనే మాటను మనం చాలా తేలికగా వాడేస్తున్నాం. ఆ మాట బరువు ఎంతో తెలుసుకోవాలంటే యాస్కమహర్షి నిరుక్తాన్ని ఆశ్రయించాలి. ఆచారాన్ని శిష్యుడిచేత గ్రహింపజేసేవాడు, అర్థాలను పోగుచేసి ఇచ్చేవాడు, శిష్యుడి బుద్ధిని పెంపొందించేవాడు అంటూ ఆ మహర్షి ఈ శబ్దానికి మూడు వ్యుత్పత్తులు చూపించాడు. మూడింటిలోనూ ఆచారానిదే మొదటి స్థానం. శాస్త్రం తెలిసి ఉండటం ఆ తరువాతి సంగతి.

చిత్తూరు జిల్లాలో బోధకుడిగా శిక్షణ పొందుతున్న ఒక క్రైస్తవ యువకుడు ఆ మధ్య నన్ను కలిశాడు. "అయ్యవారూ, మంద కాపరికి ఉండవలసిన లక్షణాలు మా గ్రంథంలో ఉన్నాయి. మీ శాస్త్రాలు గురువుకు ఏ లక్షణాలు చెప్పాయి?" అని అడిగాడు. అడిగిన తీరు వినయంగా ఉంది, ప్రశ్న యోగ్యమైనది. అతడికి చెప్పినవీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నవీ మీ ముందు ఉంచుతున్నాను.

ముండకోపనిషత్తు గురువుకు రెండే లక్షణాలు చెప్పింది. ఒకటి శ్రోత్రియత్వం, రెండోది బ్రహ్మనిష్ఠ. చదువు ఉండాలి, చదివినదానిలో నిలకడ ఉండాలి. క్రైస్తవుల కొత్త నిబంధనలో తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం సంఘాధ్యక్షుడి లక్షణాలను ఇంకా వివరంగా చెబుతుంది. ఆ అధ్యాయాన్ని శ్రద్ధగా చదివితే మీకూ ఆశ్చర్యం కలుగుతుంది. బోధించే నేర్పు అందులో ఒకే ఒక్కచోట వస్తుంది. మిగిలినదంతా నడవడికే. మద్యానికి లోబడనివాడు, కొట్లాటకు దిగనివాడు, ధనాశ లేనివాడు, అతిథులను ఆదరించేవాడు, తన ఇంటిని చక్కగా నడుపుకొనేవాడు కావాలట. ఇంటినే దిద్దుకోలేనివాడు సంఘాన్ని ఏం దిద్దుతాడని ప్రశ్నిస్తుంది ఆ పత్రిక. కొత్తగా చేరినవాడికి ఆ పదవి తగదని, గర్వం తలకెక్కుతుందని హెచ్చరిస్తుంది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది చివరి నియమం. సంఘానికి వెలుపలివారు కూడా అతడిని మంచివాడని చెప్పాలట. నేను వెలుపలివాడినే కనుక, ఆ నియమం ఇచ్చిన చనువుతోనే ఒక క్రైస్తవ అధ్యక్షుడి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో జన్మించారు. తండ్రి చర్చి గురువు. అజరయ్య యువకుడిగా వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా పనిచేశారు. భారతీయ క్రైస్తవులు విదేశీ ధనానికీ, విదేశీ పెత్తనానికీ అలవాటుపడి నిలబడిపోకూడదన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలతోనే 1903లో తిరునెల్వేలిలో స్వదేశీయుల ధనంతో, స్వదేశీయులే నడిపే సేవాసంఘం ఏర్పడటానికి ముఖ్యకారకులయ్యారు. ఆ సంఘం ఎంచుకున్న క్షేత్రం మన తెలుగునేలే. నాటి నిజాం రాజ్యంలోని డోర్నకల్, నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న రైల్వే కూడలి.

1909లో ఆయన గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరుకున్నారు. మద్రాసులో పెద్ద ఉద్యోగం, దేశమంతా పేరు ఉన్నవాడు మారుమూల ఊరికి కాపురం మార్చాడు. తెలుగు ఆయన మాతృభాష కాదు. ముప్పై అయిదేళ్ల వయసులో దాన్ని నేర్చుకుని, తెలుగులోనే బోధించారు. ఏ జనానికి మంచి చెప్పదలిచామో ఆ జనం మాట మనకు రాకపోతే చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ గోడ మిగిలే ఉంటుంది. ఆ గోడను ఆయన ముందు తనవైపు నుంచి తొలగించుకున్నారు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సభ నిండా పాశ్చాత్య దేశాల ప్రతినిధులే. అక్కడ అజరయ్య లేచి, విదేశీ మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని దాచకుండా ఎత్తిచూపారు. మీరు మా దేశానికి ఎన్నో త్యాగాలు చేశారు, దానికి కృతజ్ఞులమే, కానీ మమ్మల్ని సమానులుగా చూసే స్నేహం మాత్రం ఇంకా ఇవ్వలేదు, అది ఇవ్వండి అన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరికి అది రుచించలేదు. అన్నంపెట్టిన చేతిని గౌరవిస్తూనే, ఆ చెయ్యి చేసిన పొరపాటును అదే సభలో, ముఖాముఖి చెప్పడానికి ఎంత స్థైర్యం కావాలో ఊహించండి. వెనుక గొణుక్కోవడం అందరికీ వచ్చు.

రెండేళ్ల తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. పదవి వచ్చాక చేసిన పని ఏమిటి? ఎడ్లబండి ఎక్కి పల్లెలు తిరగడం! ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి చివర, నీటికీ నీడకూ నోచుకోని గుడిసెలవారు. ఆయన వారికి పరలోకం గురించి మాత్రమే చెప్పి ఊరుకోలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు - ఈ నాలుగు భూతాలను ఊరినుంచి వెళ్లగొట్టాలని చెప్పారు. సంఘంలోకి వచ్చాక కూడా కులాన్ని వెంటపెట్టుకుని వస్తే దాన్ని ఆయన ఉపేక్షించలేదు. బోధకుల శిక్షణాలయంలో భర్తలతోపాటు భార్యలకూ చదువు చెప్పించారు. ఆ భారాన్ని ఆయన ధర్మపత్ని అన్బు అమ్మాళ్ మోశారు. ఇల్లాలికి చదువులేని ఇంట్లో బోధకుడి బోధ గడప దాటదని ఆ దంపతులు గ్రహించారని నా అభిప్రాయం.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయం 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు మన మంటపాలను తలపిస్తాయి. ఈ దేశపు దేవుడి ఇల్లు ఈ దేశపు ఇల్లులాగే ఉండాలన్నది ఆయన భావన.

ఆయనతో మనకు ఏకీభావం లేని విషయం ఒకటుంది. దాన్ని దాటవేస్తే మీకు సత్యం చెప్పినవాడిని కాను. మతాంతరీకరణపై గాంధీ మహాత్ముడు 1930లలో అజరయ్యతో తీవ్రంగా విభేదించారు. ఆ వాదంలో నా మనసు మహాత్ముడి వైపే ఉంటుంది. అయితే అజరయ్య వెంట నడిచినవారిని మన ఊళ్లు ఎక్కడ నిలబెట్టాయో తలుచుకున్నప్పుడు, ఆ వాదాన్ని గెలుపుతో ముగించే ధైర్యం నాకు చాలదు. గుడి మెట్టు ఎక్కనివ్వని కాలంలో వారి గుడిసెకు వెళ్లి కూర్చున్నవాడిని వారు గురువుగా తలిస్తే తప్పెవరిది? ఇదే అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించారన్నది కూడా చదువరులు తెలుసుకోదగిన సంగతి. తన మందను దేశం నుంచి విడదీసి బలపడాలని ఆయన కోరుకోలేదు.

ఇప్పుడు మన కొండకు వద్దాం.

భగవద్రామానుజులకు మేనమామ, యామునాచార్యుల శిష్యుడు తిరుమలనంబి. వృద్ధాప్యంలోనూ పాపవినాశనం నుంచి స్వామివారి అభిషేకానికి తీర్థం మోసినవాడు. ఆ సేవకు గుర్తుగా నేటికీ తిరుమలలో తన్నీరముదు ఉత్సవం జరుగుతుంది. రామానుజులు శ్రీరంగం నుంచి తిరుమలకు వచ్చిన సందర్భంలో, కొండ మొత్తం ఆదిశేష స్వరూపం కనుక పాదం మోపరాదని మోకాళ్లపై ఎక్కారని సంప్రదాయం. నంబి స్వయంగా స్వామి ప్రసాదం పట్టుకుని ఎదురువచ్చాడు. "నాకోసం మీరు రావాలా? ఎవరైనా చిన్నవాడిని పంపకూడదా?" అన్నారు రామానుజులు బాధపడుతూ. నంబి చెప్పిన సమాధానం గురుపరంపర గ్రంథాల్లో ప్రసిద్ధం. నాలుగు వీథులూ వెదికాను, నాకంటే చిన్నవాడు నాకు కనిపించలేదన్నాడట! ఇది మాటల చమత్కారమని కొందరు తీసిపారేస్తారు. నిజానికి ఆయన ఎవరు? రామానుజులకు శ్రీమద్రామాయణ రహస్యాలను ఏడాదిపాటు తిరుపతిలో ఉపదేశించిన గురువు. చెప్పించుకోవడానికి కొండ పైకి రమ్మని ఆజ్ఞాపించగలిగినవాడే, శిష్యుడికోసం తానే రోజూ కొండ దిగివచ్చాడు.

యేసుక్రీస్తు చివరి రాత్రి శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం యోహాను సువార్తలో ఉంది. గురువు తువ్వాలు నడుముకు చుట్టుకుని వంగితే పేతురు తల్లడిల్లిపోయాడు. రామానుజులు నంబిని చూసి పడిన బాధకూ, పేతురు తల్లడింపుకూ తేడా నాకు కనిపించదు.

ఇక నేటి స్థితి చూడండి. కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీలు, వేదికపై సింహాసనాన్ని పోలిన కుర్చీ, దిగితే చుట్టూ అంగరక్షకులు. ఈ విషయంలో కాషాయం, తెల్ల అంగీ అనే భేదం లేదు. అర్చకుడిగా నలభై ఏళ్లు గడిపినవాడిని కనుక మా ఇంటి సంగతి కూడా చెబుతాను. పళ్లెంలో పడిన నోటును బట్టి శఠారి తలపై ఎంతసేపు ఉంచాలో నిర్ణయించే అర్చకుడు, ధనాశ లేనివాడు కావాలన్న పౌలు నియమంలో నెగ్గడు, మా ఆగమ నియమంలోనూ నెగ్గడు.

ధనం ప్రస్తావన వచ్చింది కనుక ఒక్కమాట. అజరయ్య తన బీద సంఘాలనుంచి కూడా కానుక అడిగేవారు, క్రైస్తవుడి దానధర్మం గురించి పుస్తకమే రాశారు. బీదవాడిని అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. వంట వేళ ఇల్లాలు పిడికెడు బియ్యం వేరుగా తీసిపెట్టే అలవాటు తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఉంది. ఆ పిడికెడు ఇచ్చినవాడు ఇక బిచ్చగాడు కాడు, దాత. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఆచార్యుడు శిష్యుడికి దానం నేర్పేటప్పుడు శ్రద్ధతో ఇవ్వమన్నాడు, సిగ్గుతో ఇవ్వమన్నాడు, భయంతో ఇవ్వమన్నాడు. ఎంత ఇవ్వాలో చెప్పలేదు. పుచ్చుకునే సంఘనాయకుడు ఆ పిడికెడు బియ్యానికి లెక్క చెప్పగలిగి ఉండాలన్నది మాత్రం నేను చేర్చుతున్న మాట.

సేవ చేతలలో కనిపించాలనేవారికి దూరం పోనక్కరలేదు. నాటి మన చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. క్షయకు మందులేని కాలంలో, 1915లో, పలు క్రైస్తవ సంఘాలు కలిసి అక్కడ క్షయరోగుల ఆసుపత్రిని నెలకొల్పాయి. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని తీర్చిదిద్దారు. అయినవారే దగ్గరకు రావడానికి జంకే రోగం అది.

నాయకుడికి అన్నిటికంటే కష్టమైన పరీక్ష వదులుకోవడంలో ఉంది. తిరుమలనంబి శిష్యుడు గోవిందుడిని రామానుజులు తమకు ఇమ్మని కోరారు. నంబి ఇచ్చేశాడు. కొన్నాళ్లకు గోవిందుడు పాత గురువుమీద బెంగతో తిరిగివస్తే నంబి పలకరించలేదు, కనీసం తీర్థమైనా ఇవ్వలేదు. ఇల్లాలు జాలిపడి అడిగితే, అమ్మేసిన ఆవుకు మనం గడ్డి వేస్తామా అన్నాడట. కఠినంగా తోస్తుంది. కానీ శిష్యుడు తన చుట్టూ తిరుగుతూ ఉండాలని కోరే గురువుకు ఈ కాఠిన్యం సాధ్యం కాదు. ఆ గోవిందుడే తరువాత ఎంబార్‌గా రామానుజుల పీఠాన్ని అలంకరించాడు. అజరయ్య కూడా 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యతా ప్రయత్నానికి పాతికేళ్లు శ్రమించారు. తన సంఘం మరొకదానిలో లీనమైతే తన పదవి ఏమవుతుందని చూసుకోలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన చూడలేదు.

చదువు ముగించి వెళ్లే శిష్యుడికి తైత్తిరీయంలోని ఆచార్యుడు మరొక మాట కూడా చెప్పాడు. మాలో ఉన్న మంచి నడతలనే అనుసరించు, తక్కినవాటిని కాదు అని. తనలో తక్కినవి కూడా ఉన్నాయని గురువే ఒప్పుకున్నాడు. తిరుమలలో ఈ మాటకు సాక్ష్యం ఉంది. రామానుజుల ఆజ్ఞపై పూలసేవకు కొండకు వచ్చిన అనంతాళ్వారు తోటకోసం చెరువు తవ్వుతూ, గర్భవతి అయిన భార్యకు మట్టి మోయడంలో సాయపడిన బాలుడిపై కోపించి గునపం విసిరాడు. దెబ్బ తగిలింది స్వామివారి గడ్డానికి. అందుకే మూలమూర్తి చుబుకానికి పచ్చకర్పూరం. అనంతాళ్వారు మహాభక్తుడు, ఆ తోటకు ఆయన గురువుపేరే పెట్టాడు. అయినా పెద్దలు ఆ గునపాన్ని దాచలేదు. ఈసారి దర్శనానికి వెళ్లినప్పుడు మహాద్వారంలో అడుగుపెడుతూ కుడివైపు గోడమీదికి ఒకసారి చూడండి. అక్కడే వేలాడుతూ ఉంటుంది.