వేడికి సుత ఒక వాటం ఉంటది

తమ్మీ, పోలరైజ్డ్ చల్లద్దాలు ఎవరి దగ్గరన్న ఉంటే అడిగి తీస్కో. అద్దంలకెళ్లి ఫోను తెరను చూస్కుంట మెల్లగ తిప్పు. చానా ఫోన్లల్ల ఒక వాటంకాడ తెర నల్లగైతది. ఫోను ఖరాబు కాలే. వెలుగంటే అల. దడి కట్టెల సందులకెళ్లి తాడు గుంజి ఊపితే నిలువు ఊపు దాటుతది, అడ్డం ఊపు ఆగుతది. అద్దం చేసింది గదే. అలలు ఒకే దిక్కు ఊగుడునే పోలరైజేషన్ అంటరు.

కంటికి కనపడని వెలుగుకు గూడ ఈ గుణం ఉన్నది. రాయి, గడ్డి, మనిషి, బండి, అన్నిట్లకెళ్లి రాత్రింబవళ్లు ఇన్‌ఫ్రారెడ్ వస్తనే ఉంటది. పెయింటు కొట్టిన నున్నటి బండి నుంచి ఏటవాలుగ వచ్చేది కొంత ఒక దిక్కుకే ఊగుతది. దుక్కి మన్ను గరుకు, అక్కడ అన్ని దిక్కులు కలగాపులగమైతయి. రెండూ ఒకే వేడి మీదుంటే థర్మల్ కెమెరాకు ఒక్కతీరుగనే కొడ్తయి. గప్పుడు కెమెరా ముందల ఫిల్టర్ పెట్టి 0, 45, 90, 135 డిగ్రీల వాటంల నాలుగు బొమ్మలు తీస్తరు. వాటి తేడా లెక్కగడితే మన్నుల బండి బయటపడ్తది.

ఇది మాయమంత్రం కాదు. నిట్టనిలువుగ చూస్తే తేడా దాదాపు దొరకది. చుట్టున్న వేడి వస్తువు మీద పడి తిరిగొస్తే, ఆ వెలుగు అసలుదాన్ని చెరిపేస్తది. దీని మీద ముందుగాల మోజుపడ్డది మిలటరోళ్లే. దాచిన బండ్లు, పాతిన మందుపాతరలు ఎతకాలె గదా వాళ్లకు!

మరి రైతుకేం లాభం? వానకాలం మొగులు కమ్మితే మామూలు కెమెరాతోని గాదు, ఇన్‌ఫ్రారెడ్ సుత మొగులు దాటది. అందుకే 2022 ఫిబ్రవరి 14న ఇస్రో పంపిన ఈఓఎస్-04 రాడార్ వాడుతది. అల వేరైనా లెక్క ఇదే: నిలువు, అడ్డం అలలు పంపి, ఎట్ల తిరిగొచ్చినయో చూస్తది. నిలబడ్డ నీళ్లు ఒకతీరు, ఎదిగిన వరి ఒకతీరు జవాబిస్తయి. ఈ లెక్కలు చేసే ఎన్ఆర్ఎస్‌సీ మన బాలానగర్‌లనే ఉన్నది, ఏంటెన్నాలు షాద్‌నగర్‌ల.

నేనడిగేది ఒక్కటే. పంట మునిగినంక నష్టం లెక్క రాసేటప్పుడు ఆ బొమ్మ మా గొల్లపల్లి రైతుకెందుకు సూపియ్యరు? పంచాయతీ గోడకు అతికియ్యుర్రి, ఎవల పొలం మునిగిందో అందరు జూస్తరు. అందాక ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భువన్ సైటుల కొన్ని పటాలు ఫోన్లనే దొరుకుతయి. ముందుగాల మీ ఊరి చెరువు ఎతుకుర్రి.